క్రిస్మస్ కావాలి, క్రైస్తవుడు వద్దు!

ప్రతి డిసెంబరులోనూ మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుకి ఏదో ఒక జ్వరం వస్తుంది. ఈసారి వచ్చిన జ్వరం పేరు క్రిస్మస్ మార్కెట్. ఔటర్ రింగు రోడ్డు అవతల ఎవరిదో ఎస్టేటు ఉందిట. పచ్చిక, కొలను, మధ్యలో తెల్ల బంగళా. అక్కడ చెక్క కొట్లు కట్టి, చెట్లకి లైట్లు చుట్టి, మిషనుతో సబ్బు నురగని మంచులా కురిపిస్తారట. పెద్దలకి టికెట్టు 599, పిల్లలకి 399, కారు పార్కింగు 200. ముందుగా బుక్ చేసుకోవాలి, గేటు దగ్గర ఇవ్వరు.

"మార్కెట్‌కి టికెట్టేంటి అల్లుడుగారూ?" అని అడిగారు మా అత్తగారు. ఆవిడ లెక్కలో మార్కెట్టంటే మా బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టే. అక్కడ లోపలికి వెళ్ళడానికి ఎవరూ డబ్బులు అడగరు, బయటికి వచ్చేటప్పుడు మాత్రం జేబు ఖాళీ అవుతుంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి నాకు వారం పట్టింది. ఈ టపా ఆ జవాబే.

మొదలుపెట్టే ముందు ఒక మాట. నేను క్రైస్తవుణ్ణి కాను. ఎవరి మతమూ మార్చే పనిలో లేను. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి లెక్క చూసుకుని మరీ తెచ్చే రకం. కాబట్టి "నీకెంత ముట్టింది?" అని రాయడానికి అప్పుడే కీబోర్డు ముందుకి లాక్కున్న పెద్దలు కాసేపు ఓపిక పట్టాలి :)

సరే, విషయానికి వద్దాం. నాలుగు కుటుంబాలు, మా అత్తగారితో కలిపి తొమ్మిదిమంది పెద్దలు, ఆరుగురు పిల్లలు, మూడు కార్లు. "మీరు సాఫ్టువేరు కదా, ప్లానింగు మీరే చెయ్యండి" అన్నారు (అన్నవాళ్ళు కూడా సాఫ్టువేరే, అది వేరే సంగతి). నేను బుద్ధిగా ఎక్సెల్ తెరిచాను. ఎవరు ఏ కారు, ఎవరి పిల్లాడికి కారెక్కితే వాంతులు, ఎన్నింటికి బయల్దేరితే సాయంత్రం లైట్లు వెలిగే టైముకి చేరతాం, అన్నీ రాశాను. టికెట్లు, పార్కింగు కలిపి 8385 రూపాయలు తేలింది. లోపల తిండి దీనికి అదనం. అందరూ బొటనవేళ్ళు ఎత్తేశారు.

డబ్బు కట్టబోతుండగా మా టీములో టెస్టింగు చేసే తమ్ముడి దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. "అన్నా, ఇరవై అయిదు నాడు మా ఊరికి రారాదు. మెదక్ పక్కనే. పొద్దున గుడికి పోదాం. అమ్మ మటన్ వండుతది. వదినను, పిల్లల్ని తోలుకొని రా."

నేను "చూస్తాను రా" అని కొట్టాను. చూస్తాను అంటే రాను అని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. సరేనన్నట్టు ఒక నమస్కారం బొమ్మ పెట్టాడు. మళ్ళీ ఎక్సెల్‌కి వెళ్ళాను గానీ కర్సరు కదల్లేదు.

ఎందుకు కదల్లేదో చెప్పాలంటే రెండు పాత సంగతులు చెప్పాలి.

మొదటిది రెండేళ్ళ కిందటిది. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒకడు ఫార్వర్డు వచ్చిందని పైకి చదివాడు. 'గొర్రెల' మీద జోకు. తెలుగు ఇంటర్నెట్‌లో తిరిగేవాళ్ళకి గొర్రె అంటే ఎవరో నేను చెప్పక్కర్లేదు. 'గొర్రె బిడ్డలు', 'బియ్యం మూట బ్యాచి', 'రైస్ బ్యాగులు', ఇలా చాలా పేర్లున్నాయి. టేబుల్ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. ఈ తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు. నవ్వాడో లేదో నేను చూడలేదు. బాక్సు మూత పెట్టి ముందే లేచి వెళ్ళిపోయాడని మాత్రం గుర్తుంది. అదే నెలలో మేమంతా ఎర్ర టోపీలు పెట్టుకుని సీక్రెట్ శాంటా ఆడాం. నా చిట్టీ అతనికే వచ్చింది. నాకొక కాఫీ కప్పు ఇచ్చాడు.

రెండోది పోయిన డిసెంబరుది. రాత్రి ఆఫీసు క్యాబు రాకపోతే అతన్ని నా కార్లో పాత బోయిన్‌పల్లిలో అతని అద్దె ఇంటి దగ్గర దింపాను. టీ తాగి వెళ్ళమని పైకి తీసుకెళ్ళాడు. లోపల వంటగది కిటికీకి ఒక కాగితం నక్షత్రం వేలాడుతోంది, మధ్యలో చిన్న బల్బు. మీరూ చూసే ఉంటారు, డిసెంబరులో క్రైస్తవుల ఇళ్ళ ముందు వీధిలోకి కనపడేలా కట్టే నక్షత్రం. అతను మాత్రం లోపల కట్టుకున్నాడు. "బయట కట్టలేదేం?" అని అడిగాను, ఏమీ తెలియనట్టు. "ఓనర్లకు నచ్చదన్నా" అన్నాడు. అంతే. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగాడు.

అతని పేరు మామూలు హిందూ పేరే. మూడేళ్ళు పక్క సీటులో కూర్చున్నాను, నాకా సంగతి తెలియదు. తెలియనివ్వలేదు. ఆ లంచ్ టేబుల్ గుర్తొచ్చి ఆ టీ మింగడం కష్టమైంది.

ఇప్పుడు నా ఎక్సెల్ చూడండి. క్రిస్మస్ అంటే నాకు ఎంత ఇష్టమో అందులో ఉంది. కేకు కావాలి, లైట్లు కావాలి, టోపీ కావాలి, చెట్టు కావాలి, సబ్బు మంచు కూడా కావాలి. దానికి 8385 రూపాయలు ఇస్తాను. కానీ క్రిస్మస్ నిజంగా ఎవరి పండగో వాళ్ళింటికి ఊరికే భోజనానికి రమ్మంటే "చూస్తాను" అంటాను. మనకి క్రిస్మస్ కావాలి, క్రైస్తవుడు వద్దు. ఇంకా సూటిగా చెప్పాలంటే తెల్లవాడి క్రిస్మస్ కావాలి, మన పేట క్రిస్మస్ వద్దు.

"అబ్బా, పిల్లల సరదాకి వెళ్తుంటే ఇందులోకి కులాన్నీ మతాన్నీ లాగుతావేంటి?" అంటారా? లాగింది నేను కాదు. ఆ ఎస్టేటు అనే ఊహలోనే అది ఉంది. ఎలాగో చెప్తాను.

ఈ ఎస్టేటులో క్రిస్మస్ మార్కెట్ అనే ఫ్యాషను ఇంగ్లండు నుంచి వచ్చింది. ఆన్‌సైటు రోజుల్లో నేనూ ఒకటి చూశాను. షెఫీల్డ్ దగ్గర డెర్బీషైరులో చాట్స్‌వర్త్ అని డెవన్‌షైర్ డ్యూకుల ఎస్టేటు. క్రిస్మస్ ముందు అక్కడ కొట్లు పెడతారు, జనం కార్లు వేసుకుని వస్తారు. బాగుంటుంది, అబద్ధం ఎందుకు? ఎటు చూసినా పచ్చిక, గొర్రెలు (అక్కడ నిజం గొర్రెలే), ఒక్క ఇల్లు కూడా అడ్డం రాని చూపు. ఇంత పెద్ద ఎస్టేటు పక్కన ఊరన్నదే లేదా అని అనుమానం వచ్చింది. ఉంది. ఈడెన్సర్ అని ఒక ఊరు. 1830ల చివర్లో, 1840ల మొదట్లో ఆరో డ్యూకుగారు ఆ ఊరి పాత ఇళ్ళు చాలావరకు పడగొట్టించి, తన భవనం నుంచి చూస్తే కనపడకుండా పక్కన కొత్తగా కట్టించాడు. పాత చోట ఒక ఇల్లు మాత్రం మిగిలింది. కొత్త ఇళ్ళు ముచ్చటగానే ఉన్నాయి. కానీ ఎందుకు కట్టించాడో గుర్తు పెట్టుకోండి. చూపుకి అడ్డం వచ్చారని.

ఎస్టేటు అంటే అదీ. పని చేసేవాడు ఉండాలి, కనపడకూడదు. మా తమ్ముడి నక్షత్రం బయటి కిటికీ నుంచి వంటగది కిటికీకి ఎలా జరిగిందో నాకప్పుడు అర్థమైంది. మనందరం కలిసి ఒక చిన్న సైజు ఈడెన్సర్ చేశాం. డ్యూకుగారు కనీసం ఖర్చు పెట్టుకున్నాడు.

అసలు క్రిస్మస్ మార్కెట్‌కి ఎస్టేటుతో పనే లేదు. జర్మనీలో డ్రెస్డెన్‌లో 1434లో మొదలైన స్ట్రీట్సెల్‌మార్కెట్ ఊరి జనం పండగ సరుకు కొనుక్కోవడానికి పెట్టిన సంత. నడిబొడ్డున, అందరూ నడిచే చోట. అంటే మా అత్తగారు చెప్పిందే కరెక్టు. మార్కెట్‌కి టికెట్టేంటి? టికెట్టు పెట్టామంటే అక్కడ అమ్మేది కేకు కాదు. ఎవరెవరు లోపలికి రాలేరో ఆ హామీని అమ్ముతున్నాం. "క్రౌడు బాగుంటుంది" అని మన గ్రూపుల్లో అంటామే, దాని ధర 599.

సరే, తెలుగువాళ్ళకి టికెట్టు లేని క్రిస్మస్ సంత ఉందా? వందేళ్ళ నుంచీ ఉంది. అది మెదక్‌లో ఉంది. దాని కథ మా బోయిన్‌పల్లి పక్కనే మొదలైంది.

1806లో సికింద్రాబాదు పుట్టిందే ఇంగ్లీషు సైన్యం కోసం. ఒక రకంగా మా కంటోన్మెంటు అంతా ఒక పెద్ద ఎస్టేటే. బొల్లారంలో ఇప్పుడు రాష్ట్రపతి నిలయం అంటున్న 90 ఎకరాల బంగళా 1860లో కట్టింది, ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటుగారి విడిది. (2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనాన్ని రానిస్తున్నారు, రాష్ట్రపతి వచ్చినప్పుడు తప్ప. ఎస్టేటే చూడాలని మరీ మోజుగా ఉంటే అది చూడండి, పక్కనే.) ఈ కంటోన్మెంటుకి 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ పాదిరీ వచ్చాడు. ఎక్కడినుంచో తెలుసా? అదే షెఫీల్డ్ నుంచి. తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిలకి ప్రార్థనలు చేయించడం ఆయన ఉద్యోగం. తనవాళ్ళ మధ్య, తన భాషలో, హాయిగా గడిచిపోయే ఉద్యోగం. అది ఆయనకి రుచించలేదు. పల్లెల దారి పట్టి, 1897కల్లా మెదక్ చేరాడు.

అంటే నూటపాతికేళ్ళ కిందట ఆయన ముందున్నదీ మా వాట్సాప్ గ్రూపు ముందున్న ప్రశ్నే. కంటోన్మెంటు క్రిస్మసా, మెదక్ క్రిస్మసా?

ఆయన మెదక్‌లో 1914లో మొదలుపెట్టిన చర్చికి పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండొందల అడుగుల పొడవు, 175 అడుగుల గంట గోపురం. లోపల అయిదువేలమంది దాకా పడతారు. మూడు వైపులా పెద్ద రంగుటద్దాల కిటికీలు, ఏసు పుట్టుక, సిలువ, ఆరోహణం. వాటి రంగులు లోపల నిలబడి ఎండ పడుతుండగా చూడాలి. ఏ ఎల్ఈడీ మాలా దాని ముందు పనికిరాదు. 2024లో దానికి నూరేళ్ళు నిండాయి.

ఇంతవరకూ టూరిజం బ్రోషర్లలో కూడా దొరుకుతుంది. బ్రోషర్లు ఒక్క వాక్యంలో దాటేసే సంగతి దగ్గర నేను ఆగాలనుకుంటున్నాను. కరువు రోజుల్లో ఆకలితో ఉన్న చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి పని ఇచ్చి, పనికి తిండి పెట్టి ఆ చర్చి కట్టించారు. పని చేస్తే బియ్యం, గింజలు.

ఇదిగో, దొరికింది కదూ బియ్యం మూట! "మేం చెప్తే నమ్మలేదు, నువ్వే ఒప్పుకున్నావు" అంటారు. ఒప్పుకుంటున్నాను. అయితే ఇంకొన్ని కూడా ఒప్పుకోవాలి.

ఆ రోజుల్లో నిజాం రాజ్యంలోని పల్లెల్లో నడిచింది వెట్టి. దొర పిలిస్తే పోవాలి, చెయ్యాలి, రావాలి, కూలి అడక్కూడదు. అలాంటి చోట రాయి మోసినవాడికి సాయంత్రం గింజలు కొలిచి ఇవ్వడమంటే చిన్న విషయం కాదు. పనికి కూలి అన్న మాటే అక్కడ కొత్త. దాన్ని పట్టుకుని వందేళ్ళ తర్వాత ఏసీ క్యాంటీన్‌లో కూర్చుని "బియ్యానికి అమ్ముడుపోయారు" అని మనం నవ్వుతున్నాం. ఆ కరువులో ఆకలిని వాడుకున్నారు అంటారా? అనండి. అప్పుడు ఆ ఊళ్ళ గాదెల్లో ఉన్న గింజలు ఎవరివి, అవి ఎందుకు బయటికి రాలేదు, అది కూడా అడగండి. ఒక్క పాదిరీనే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు.

ఇంకా ఒక సంగతి. బియ్యం గురించి మాట్లాడుతున్నది ఎవరండీ? మనమా? ముప్ఫై శాతం హైకు ఇస్తామంటే శుక్రవారం ఒక కంపెనీ బ్యాడ్జీ తీసేసి సోమవారం దాని పోటీ కంపెనీ బ్యాడ్జీ తగిలించుకునే మనమా? వీసా రావాలని చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూటఎనిమిది చేసి, ఆ వీసా మీద వెళ్ళి అక్కడి పౌరసత్వం తీసుకునేటప్పుడు పాత దేశం మీద విధేయత వదులుకుంటున్నానని చెయ్యెత్తి ప్రమాణం చేసినవాళ్ళు మన బ్యాచిలో ఎంతమంది? ఆ ఫోటోలకి నేనూ లైకులు కొట్టాను. వాళ్ళని తప్పు పట్టట్లేదు. పిల్లల బాగు కోసం వెళ్ళారు. నేను అడిగేది ఒక్కటే. మన పిల్లల బాగు కోసం మనం దేశం మారితే కెరీరు. తన పిల్లలకి ఒక బడి, ఒక ఆసుపత్రి, పక్కన కూర్చోనిచ్చే ఒక బల్ల దొరికిందని ఒక మాదిగ కుటుంబం దేవుణ్ణి మారిస్తే మోసం. ఈ రెండు లెక్కలకీ ఫార్ములా ఒకటే అయితే జవాబులు రెండు ఎందుకొస్తున్నాయి? బగ్ ఎక్కడుంది?

బగ్ ఎక్కడుందో అందరికీ తెలుసు. మన తెలుగునాట క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల మాదిగ పేటలనుంచి వచ్చినవాళ్ళు. మన వెటకారం ఏసుని చూసి కాదు, పేటని చూసి. అందుకే చాట్స్‌వర్త్‌లో అదే ఏసు పేరు మీద లైట్లు పెడితే మనకి సంస్కృతిలా కనపడుతుంది. మన ఊరి చివర రేకుల షెడ్డు చర్చిలో మైకు పెడితే న్యూసెన్సులా వినపడుతుంది.

దీనికి చట్టం కూడా తోడయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. అదే ఉత్తర్వుని 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవుల, ముస్లింల దగ్గర ఆగిపోయారు. మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళని బీసీ-సీ లో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 2022లో కేంద్రం ఈ విషయం మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషను వేసింది, 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ఇక్కడ నా వాదన రిజర్వేషన్ల మీద కాదు, దానికి వేరే టపా కావాలి. నేను చెప్పేది ఇంతే. దేవుణ్ణి మార్చుకున్నంత మాత్రాన ఊళ్ళో కులం పోదు, కానీ కాగితం మీద పోతుంది. అందుకని చాలా ఇళ్ళల్లో ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్టులో ఒక పేరు. దాన్ని పట్టుకుని "దొంగ బతుకు" అంటాం. ఇల్లు అద్దెకి ఇవ్వకపోతే, టేబుల్ దగ్గర నవ్వితే, కాగితం లాక్కుంటే మనిషి నక్షత్రాన్ని వంటగదిలో కట్టుకోక ఏం చేస్తాడు? మా తమ్ముడి సర్టిఫికెట్టులో ఏముందో నేనడగలేదు, అడగను. నాకు చక్కెర సరిపోయిందా అని అడిగినవాణ్ణి నేను సర్టిఫికెట్టు అడగడమా!

ఇక మామూలుగా వచ్చే అభ్యంతరాలు చూద్దాం.

"అది పరాయి మతం, ఎస్టేటులో జరిగేది ఒట్టి సరదా." పరాయిది ఏదో ఒకసారి తేల్చుకుందాం. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు రాగం, తాళంతో సహా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. నేటికీ ఊరి చర్చిల్లో పాడుతున్నారు. గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తెలుగు క్రిస్మస్ అంటే డోలక్ మోగించుకుంటూ రాత్రంతా ఇల్లిల్లూ తిరిగే క్యారల్స్ జట్టు, డిసెంబరు మొదట్లోనే ప్రతి చర్చిలో జరిగే సెమీ క్రిస్మస్, అరిసెలు, బగారా అన్నం, కొత్త బట్టలు. ఇందులో పరాయిదేమిటి? దేవదారు చెట్టు, సబ్బు మంచు, వేడి చేసిన ద్రాక్షరసం, ఇవి కదా పరాయివి! మనకి పరాయిది అని ఇబ్బందేం లేదు. మరీ మనదైపోయిందనే ఇబ్బంది.

"మెదక్‌లో జనం, దుమ్ము, తోపులాట." నిజమే. క్రిస్మస్ రోజు లక్షల్లో వస్తారు. కార్లు దూరంగా ఆపి నడవాల్సిందే. అయితే మనం మేడారం వెళ్తాం, కొమురవెల్లి వెళ్తాం, తిరుపతిలో కంపార్టుమెంట్లలో గంటలు గంటలు కూర్చుంటాం. అక్కడ జనాన్ని భక్తి అని, ఇక్కడ జనాన్ని తోపులాట అని అంటే ఎలా? పైగా మెదక్ వచ్చేవాళ్ళందరూ క్రైస్తవులేం కాదు. మొక్కుకున్న హిందువులు, ముస్లింలు కూడా వస్తారు. బయట రోడ్డు పొడుగునా బొమ్మల కొట్లు, గాజుల కొట్లు, మిఠాయి బండ్లు. జాతరే.

"చర్చిలో మాత్రం కులం లేదా?" ఉంది. బోల్డంత ఉంది. మాల చర్చి, మాదిగ చర్చి అని విడిపోయిన ఊళ్ళున్నాయి, పెళ్ళి సంబంధాల దగ్గర అన్నీ బయటికి వస్తాయి. స్వస్థత సభల పేరుతో డబ్బు చేసుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించి నేనేం మంచి మాట చెప్పను. అయితే ఆ మాట అనే హక్కు లోపలికి వెళ్ళి చూసినవాడికి కొంచెం ఎక్కువ ఉంటుంది. గేటు బయట నిలబడి నవ్వినవాడికి, అంటే నాకు, చాలా తక్కువ.

ఆ పండగ కథ కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. నిండు నెలల గర్భిణికి సత్రంలో చోటు దొరకలేదు. పశువులు కట్టే చోట పిల్లాడు పుట్టాడు. మొదట చూడ్డానికి వచ్చింది గొర్రెల కాపర్లు. ఈ కథకి గుర్తుగా మనం ఎస్టేటు గేటు పెట్టి, టికెట్టు లేనివాణ్ణి ఆపడానికి ఒక సెక్యూరిటీ గార్డుని పెట్టాం. ఆ రాత్రి ఆ దంపతులు ఆ గేటు దగ్గరకి వస్తే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. అడ్వాన్సు బుకింగు లేదుగా!

ఇంత ఆవేశపడి గ్రూపులో ఏం పెట్టావయ్యా అంటే, కొత్త ఎక్సెల్ పెట్టాను. వృత్తి ధర్మం వదల్లేం కదా. మీకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

దారి: బోయిన్‌పల్లి నుంచి బాలానగర్, గండిమైసమ్మ, నర్సాపూర్ మీదుగా మెదక్. సుమారు 90 కిలోమీటర్లు. నర్సాపూర్ అడవి దగ్గర కోతులుంటాయి, అద్దాలు దించొద్దు.

కారు వద్దనుకుంటే: అక్కన్నపేట నుంచి మెదక్ దాకా కొత్త లైను వేసి 2022 సెప్టెంబరులో రైలు మొదలుపెట్టారు. బొల్లారంలో ఎక్కొచ్చు. టైములు ముందుగా చూసుకోండి.

బయల్దేరడం: తెల్లవారుజామునే. మొదటి ఆరాధన చీకటి ఉండగానే మొదలవుతుంది. కిటికీల రంగులు చూడాలంటే మాత్రం ఎండెక్కేదాకా ఆగాలి. అంటే రెండూ చూడాలంటే పొద్దున్నంతా అక్కడే.

లోపల: మాట్లాడకుండా కూర్చోవాలి. సెల్ఫీలు బయటే. పిల్లలకి ముందే చెప్పండి, ఇది పార్కు కాదు, ఎవరికో గుడి.

తిరుగుదారి: ఓపిక ఉంటే ఏడుపాయల వనదుర్గమ్మ దగ్గరకి కూడా వెళ్ళి రావొచ్చు. మంజీర ఒడ్డున ఉంటుంది. మా అత్తగారు ఈ లైను చదివాకే ఒప్పుకున్నారు :)

టికెట్టు: లేదు.

నాలుగు కుటుంబాల్లో ఒక కుటుంబం మాతో వస్తామంది. ఒకరు జవాబివ్వలేదు. ఒకరు ఎస్టేటుకే వెళ్తున్నారు. వాళ్ళ అబ్బాయికి సబ్బు మంచు కావాలట, పిల్లాడి మీద నాకేం కోపం లేదు. గ్రూపులోంచి ఇద్దరు బయటికి వెళ్ళిపోయారు, వాళ్ళసలు ఈ ట్రిప్పులోనే లేరు.

తమ్ముడికి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాను. ఎంతమంది అని అడిగాడు. పెద్దవాళ్ళం అయిదుగురం, పిల్లలు ముగ్గురు అన్నాను. "అయితే అమ్మకు చెప్త, ఇంకో కిలో తెమ్మంట" అన్నాడు. మాతోనే మా కార్లో రమ్మన్నాను, సరేనన్నాడు.

ఆ లంచ్ టేబుల్ దగ్గర నవ్విన నవ్వు గురించి ఇంకా ఏమీ మాట్లాడలేదు. ఫోన్లో చెప్పే మాట కాదది. 90 కిలోమీటర్లు ఉంది కదా, నర్సాపూర్ దాటేలోపు చెప్పాలి.